పన్నెండు మూరల సుతిలి

"తాతా, గీ మూల తొంభై డిగ్రీలని బుక్కుల ఉన్నది. డిగ్రీలు చూసే సామాను లేకుంటే మూల సరిగ్గున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

సామాను లేకుంటెనా? ఆగు, అద్దాలు పెట్టుకోనియ్యి. ఏదీ, బుక్కు గిటు తిప్పు. ఆఁ, త్రిభుజం. గిది నాకు మంచిగ ఎర్కే బిడ్డా. గీ మూడు చుక్కలేంది, ఏ, బీ, సీ అని పేర్లు పెట్టిండ్రు? బిందువులా? ఏమన్నవు, బిందువుకు పొడుగుండదు, వెడల్పుండదా? మీ సారు చెప్పిండా? మరి లేనిదాన్ని బోర్డు మీద ఎట్ల పెట్టిండు ఆయన? మా పనిల బిందువంటే గూటం. తుమ్మ కట్టె చెక్కి భూమిల దిగ్గొట్టేది. చీకట్ల కాలుకు తగిలితే తెలుస్తది పొడుగున్నదా లేదా. ఇగ గీతంటే సుతిలి, సన్న జనుప తాడు. రెండు గూటాల నడుమ గట్టిగ గుంజి కడితే గీత. జర వదులుంటే గది గీత కాదు, గా సుతిలి పట్టి కట్టిన గోడ గూడ గోడ కాదు.

నేను మేస్త్రిని గదా. బాన్సువాడల, బీర్కూర్ దిక్కు, క్యాంపులల్ల, ఎన్ని ఇండ్లు కట్టిన్నో నాకే తెల్వదు. ఇస్కూల్ మొకం చూసింది లేదు. చూసిన, ఉత్తగ చెప్పొద్దు, ఇస్కూల్ గోడ కట్టేటప్పుడు చూసిన. మా నాయిన గూడ మేస్త్రే. టేపు లేని కాలం మనిషి. ఆయన ఇంటికి మూల తీసే పద్ధతి ఏందంటే, ఒక సుతిలి తీసుకొని మూర మూరకు ఒక ముడి వేస్తుండె. మూరంటే ఎర్కే గదా, మోచెయ్యి నుంచి నడిమి వేలు కొస దాక. గట్ల పన్నెండు మూరలు కొలిచి, రెండు కొసలు కలిపి కట్టాలె. ఇగ ఇంటి మూల ఏడ రావాల్నో ఆడ గూటం కొట్టి, సుతిలి దానికి తగిలియ్యాలె. గూటం నుంచి ఇటు మూడు మూరలు లెక్కబెట్టి ఆ ముడి ఒకలు పట్టుకోవాలె. అటు నాలుగు లెక్కబెట్టి ఇంకొకలు పట్టుకోవాలె. ఆ ఇద్దరి నడుమ ఐదు మిగుల్తయి. ఇద్దరు బిర్రుగ గుంజితే గూటం కాడ మూల వస్తది చూడు, గది నీ బుక్కుల తొంభై. మూలమట్టం, గదే, ఎల్ తీరుగ ఉండే ఇనుప పట్టీ, గది పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా రాదు.

గా నాలుగు మూరల కొస నాది. మూడు మూరల కొస మీ నాయినమ్మది. సాయవ్వది.

నువ్వు ఒకటో తరగతిల ఉన్నప్పుడే పోయింది, నీకేం యాదికుంటది. ఫొటో ఒక్కటే ఉన్నది, మీ నాయిన పెండ్లిల దిగింది. గండ్ల గూడ పక్క మనిషి మోచెయ్యి అడ్డమొచ్చి మొకం సగమే పడ్డది. గా పక్క మనిషి ఎవరో గాదు, నా తోడబుట్టింది, మీ నాయినకు మేనత్త. ఇప్పటికీ ఎప్పుడొచ్చినా నేను ఆమెతోని కొట్లాడుత, నీ మోచెయ్యి ఆడనే పెట్టాల్నా అని. ఆమె నవ్వుతది. నాకు నవ్వు రాదు.

పెండ్లైన ఏడే నాతోని పనికొచ్చింది సాయవ్వ. ముందు సిమెంటు మాలు మోసింది, ఇటుకలందిచ్చింది. ఎన్కసిరి సుతిలి పట్టింది. పొద్దుగాల బీర్కూర్ బస్సుకు పోతుంటిమి. కిరాయి ఎంత ఉండెనో, అర్ధ రూపాయనో ముప్పావలనో, గది యాదికి లేదు గని, బస్సుల కిటికి కాడ సీటు దొరికితే ఆమె మొకం ఎట్ల వెలుగుతుండెనో గది యాదికున్నది. గోడలు చూసుకుంట వస్తుండె. గా గోడ వంకరున్నది, గా తలుపు ఎత్తు తక్కువైంది అనుకుంట. నాకన్నా ముందుగాల కనవడుతుండె ఆమెకు.

ఒకసారి బీర్కూర్ దిక్కు క్యాంపుల ఒకాయన ఇల్లు కట్టిస్తుండె. క్యాంపంటే, కోస్త దిక్కుకెల్లి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్నోళ్లు ఉంటరు గదా, వాళ్లది. మంచోడు. "ఏమండీ మేస్త్రి గారూ" అంటుండె. నన్ను గారు అన్న మొదటి మనిషి ఆయననే. ఇంజనీరు గీసిచ్చిన నక్ష తెచ్చిండు, నీలం కాయిదం. నాకు అక్షరం రాదు గని నక్ష చదువొస్తది. జంట గీతలుంటే గోడ. గోడ మధ్యల తెగిందంటే తలుపు. చుక్కల గీత వేసిండంటే, గది తలకాయ మీద ఉన్నది అన్నట్టు, సజ్జనో దూలమో. కాయిదం నేల మీద పరిచి, ఇల్లు మొకం ఎటున్నదో అటు తిప్పి పెట్టాలె ముందుగాల. నక్ష ఒక దిక్కు, మనం ఒక దిక్కు ఉంటే వంటిల్లు పోయి వాకిట్ల వస్తది.

సాయవ్వ నా భుజం మీదికెల్లి తొంగి చూసి, "తలుపు కాడ గీ పావు సున్న ఏంది" అన్నది. ఏదో అందానికి గీసిండు పోనీ అన్న నేను. ఆమె జర సేపు చూసింది. "అందానికి గాదు. తలుపు తెరిస్తే దాని కొస తిరిగే తొవ్వ గది. గిటు దిక్కే తెరవాలె, గటు తెరిస్తే మంచం తాకుతది" అన్నది. ఆ ఇంటాయన నవ్వి, "మీ ఆవిడ కరెక్టుగా చెప్పిందండీ" అన్నడు. నా మొకం గింతంత అయింది. సంబరపడాలె గదా? పడలే.

ఆమె గట్లనే అడుగుతుండె. ఎందుకు మూడు? ఎందుకు నాలుగు? మూడు, నాలుగు, ఆరు పెడితే ఏమైతది? మూల ఎందుకు రాదు? ఎండల నిలబడి, ఒక చేతిల సుతిలి, ఒక చేతితోని చెమట తుడుచుకుంట అడుగుతుండె. నేను "పట్టుకో అంటే పట్టుకో, ఊకె అడగకు" అని కసురుతుంటి. నిజం చెప్పాల్నా బిడ్డా? నాకు తెల్వకనే. మా నాయిన చెప్పలే, నేను అడగలే. తెల్వదు అనే మాట మగోని నోటికెల్లి రాదు గదా, గండ్ల మేస్త్రి అని పేరు పెట్టుకున్నంక అసలే రాదు.

ఇగ మనింటి ముచ్చట. గీ ఇల్లే, మనం కూసున్నదే. మీ నాయిన పదో తరగతి తప్పిన ఏడు కట్టినం. అంతకు ముందు కిరాయి ఇంట్ల ఉంటుంటిమి, ఊరికి ఇండ్లు కట్టేటోడు కిరాయి ఇంట్ల ఉన్నడని అందరు నవ్వుతుండ్రి. ఎట్లనో గీ జాగ దొరికింది. పూజ జేసే అయ్యగారు ముగ్గు పోసుడుకు పొద్దు చూసిండు. ముగ్గంటే వాకిట్ల పెట్టే ముగ్గు గాదు, గోడలు ఏడొస్తయో సున్నం పొడితోని నేల మీద గీసుడు. నక్షనే, గని కాయిదం మీద గాదు, మట్టి మీద. పొద్దుగాల ఎనిమిది లోపట కావాలె అన్నడు.

గా దినం నా సంచి బీర్కూర్ పని కాడనే ఉండిపోయింది. టేపు అండ్లనే, మూలమట్టం అండ్లనే. ఏం ఫికర్ లేదు, మా నాయిన పద్ధతి ఉన్నది గదా అనుకున్న. సుతిలి తీసి, నా చెయ్యితోని కొలుసుకుంట ముడులేస్తున్న. తొమ్మిది మూరలైనయో లేదో, అయ్యగారు సైకిల్ దిగిండు. టెంకాయ ఏది, పసుపేది, పొద్దు మీరిపోతుంది అని ఒకటే తొందర. నేను లేసి ఉరికిన. ఉరుక్కుంట, "సాయవ్వా, ఇంక మూడు మూరలున్నయి, ముడులెయ్యి" అన్న.

ఆమె వేసింది. తన చెయ్యి పెట్టి కొలిచి, మంచిగ బిర్రుగ వేసింది. ఎవరైనా గంతే జేస్తరు, మూరంటే మూరే గదా.

సమజైందా ఏమైందో? కాలేదా? నీ చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టు. మోచెయ్యి కలుపు. చూసినవా, నీది ఏడికొచ్చింది, నాది ఏడికొచ్చింది. ఆమెకు నాకు రెండు వేళ్ల మందం తేడా. ఎవరి చెయ్యి అన్నది లెక్క గాదు బిడ్డా, నీ చెయ్యితోని కట్టినా మూల వస్తది. గని పన్నెండు ఒక్కటే చెయ్యి ఉండాలె. మరి ఐదు, నాలుగు నా చెయ్యి, మూడు ఆమె చెయ్యి అయినై. మూడు దిక్కు కురచ పడ్డది, గూటం కాడ మూల తెరుచుకున్నది. నీ తొంభై దాటి ఇంకో మూడో నాలుగో ఎక్కింది.

మరి నువ్వు చూడలేదా అంటవు. పూజ అయింది, సున్నం పోసినం, మరునాడే క్యాంపుల స్లాబు పని ఉండె, పోయిన. పునాది తవ్వుడు, రాళ్లు నింపుడు కూలోళ్లు సున్నం గీత పట్టుకొని చేసిండ్రు. నేనొచ్చేసరికి పునాది నిండింది. ఊరోళ్ల మూలలన్ని వంగి వంగి చూసినోన్ని, నా ఇంటి మూల చూడలే. చూడాలె అని గూడ అనిపియ్యలే.

గోడలు లేసినై, రేకులు పడ్డయి. షాబాదు బండలు పరిచిన దినం దొరికిపోయినం. వాకిలి కాడికెల్లి వరుసగ పరుసుకుంట పోతున్న. మొదటి బండ గోడకు బరాబర్ అతికింది. రెండో వరుసకు వేలు పట్టేంత సందు. మూడో వరుసకు ఇంకింత. ఎన్క గోడ కాడికి పోయేసరికి జానెడు సందు. అగో, మంచం పక్కన, గోడ పొంటి చూడు. ఇటు కొస సూది మొన, అటు కొస జానెడు. నువ్వు బుక్కుల గీస్తవు, మనింట్ల పన్నెండు ఫీట్ల త్రిభుజం నేల మీద పండుకున్నది.

గప్పుడు ఇరుగుపొరుగోళ్లున్నరు, కూలోళ్లున్నరు. నేను గా సుతిలి తెచ్చి కొలిచిన. ఆ మూడు మూరలే కురచ. ఇగ నా నోరు ఆగలే. అందరి ముంగట, "నీ పొట్టి చెయ్యి నా ఇల్లు ఆగం జేసింది" అన్న. నా ఇల్లు అన్న, మనిల్లు అనలే, గది గూడ యాదికున్నది నాకు. ఆమె తల మీద మాలు తట్ట ఉండె. మెల్లగ దించింది. చేతులు కడుక్కున్నది. లోపలికి పోయింది. నేను గా సుతిలి తీసి పొయిల పడేసిన.

ఐదారు దినాలు బువ్వ పెట్టుడు బంద్ జెయ్యలే, మాట బంద్ జేసింది. నేను గా సందుల బండ ముక్కలు కోసి నింపుకుంట కూసున్న. ఒక్కో ముక్క ఒక్కో తీరు, ఏదీ ఇంకోదానికి సరిపోదు. చేతులు కోసుకపోయినై. ఆమె వచ్చి చూసి పోతుండె.

ఒక పొద్దుగాల పండ్లు తోముకుంటున్న. వాకిట్ల గూటం కొట్టిన సప్పుడైంది. చూస్తే సాయవ్వ. చేతిల కొత్త సుతిలి. "నాలుగు మూరల కొసకు పట్టు" అన్నది. ఐదారు దినాలకు మొదటి మాట. నోట్ల ఏప పుల్ల అట్లనే ఉన్నది, పోయి పట్టుకున్న. ఆమె తన కొస గుంజింది. ఇద్దరం రెండు గూటాలు కొట్టినం. మూలమట్టం ముందుగాలనే తెచ్చి పెట్టుకున్నది, కాలితోని నా దిక్కు జరిపింది. పెట్టి చూసిన. బరాబర్ కూసున్నది, సూది పెట్టే సందు లేదు.

గప్పుడన్నది. "పన్నెండు నా పొట్టి చెయ్యితోనే కట్టిన. మూల చెడలే. అన్ని ఒకలే కట్టాలె అని ఒక్క మాట చెప్తే, గా దినం గూడ చెడకపోయేది. ఇన్నేండ్లు కొస పట్టుకొమ్మన్నవు గని, ఎందుకో ఒక్కసారి చెప్పలే."

అరుపు లేదు, ఏడుపు లేదు. ఉప్పు తక్కువైంది అన్నంత మెల్లగ అన్నది. తప్పు నాదే సాయవ్వా అనాలె నేను. గంతే, రెండు మాటలు. నోట్ల పుల్ల ఉండె అని ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకున్న. పుల్ల ఉత్త సాకు బిడ్డా. అనలే.

ఏం జేసిన్నంటే, గా సుతిలి చుట్టి నా పని సంచిల పెట్టుకున్న. ఆమె చూసింది పెట్టుకునేటప్పుడు. ఇగ గా దినం కెల్లి టేపున్నా సరే, గా సుతిలితోనే మూల తీసిన. కొత్త మేస్త్రీలు నవ్వేది, ఏందే ముసలోడా ఇంక తాడు పట్టుకొని తిరుగుతున్నవు అని. నవ్వనీ. క్యాంపులల్ల కట్టినం, బీర్కూర్ల కట్టినం. జుక్కల్ దిక్కు ఒక ఇల్లు కట్టినం, గా ఇంటాయన జర తెలుగు, జర మరాఠీ కలిపి మాట్లాడుతుండె, నాకు సగం సమజ్ కాకపోతుండె, సాయవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుండె. నాతోని నవ్వింది మళ్ల. గా ఇండ్ల మూలలన్ని ఆమె చెయ్యి కొలతనే. ఆ ఇండ్లల్ల ఉండేటోళ్లకు తెల్వదు. నాకు తెలుసు, బస్సుల పోతుంటే కిటికిలకెల్లి చూస్త.

సంచిల పెట్టుకున్నంక, గదే నేను చెప్పిన మాట అనుకున్నదా, ఏమనుకున్నదో. అడగాల్సి ఉండె.

కామెర్లొచ్చినై ఆమెకు. బాన్సువాడ దవాఖాన, ఆడికెల్లి నిజామాబాద్. చెయ్యి ఇంత సన్నమైంది. మంచం పక్కన కూసొని గా చెయ్యి పట్టుకొని, ఇప్పుడు చెప్త, ఇప్పుడు చెప్త అనుకుంటున్న. పక్క మంచమోళ్లు చూస్తుండ్రని సిగ్గు. అందరి ముంగట తిట్టేటప్పుడు రాని సిగ్గు, గప్పుడొచ్చింది నాకు. పొద్దుగాల ఛాయ్ తెస్త అని కిందికి పోయిన. గిలాస పట్టుకొని వచ్చేసరికి మీ నాయిన దర్వాజ కాడ నిలబడి ఏడుస్తుండు.

ఎన్కసిరి ఒక పని పట్టిన. అటు కొసకు కొత్త కూలాయనను పెట్టిన. ఆయన మంచిగనే పట్టిండు, ఆయన తప్పేం లేదు. నేనే గుంజలేకపోయిన. అటు చూస్తే ఆమె లేదు. గూటమున్నది, నేనున్న. ఇద్దరితోని గీత వస్తది గని త్రిభుజం రాదు గదా. సుతిలి చుట్టి ఇంటికొచ్చిన, ఇగ పని బంద్ జేసిన. మస్తు యాదికొస్తది బిడ్డా. ఎవరికి చెప్పలే గని, దినాం యాదికొస్తది.

ఇప్పుడు మీ నాయిన టైల్సు ఏపిస్త అంటుండు. మొన్న కొలతలకు ఒకాయన వచ్చిండు గదా, నువ్వు ఇస్కూలుకు పోయినవు. కొలిచి నవ్విండు, "గీ ఇల్లు ఎవరు కట్టిండ్రు తాతా, మూలనే లేదు" అని. నేనే కట్టిన, తప్పు నాదే అన్న. ఎంత అల్కగ వచ్చిందో నోటికి, ముక్కు మొకం తెల్వనోని ముంగట.

టైల్సు ఏసుకోనీ, నేనొద్దన. గని గోడ పొంటి గా ముక్కల వరుస తియ్యొద్దని మీ నాయినకు చెప్పు. టైల్సు గా వరుస దాక వేసి ఆపమను. నేను చెప్తే ముసలోని చాదస్తం అంటడు, నువ్వు చెప్తే ఇంటడు.

సుతిలా? ఉన్నది. గా సందుగు పెట్టెల, ఆమె చీర కింద. తేపో. మెల్లగ, ఆఁ, గదే. సున్నం మరకలు చూడు, ఇంక పోలే. ఒకటి, రెండు, మూడు... పన్నెండు. ఒక్కో ముడికి ఇంకో ముడికి నడుమ ఆమె మోచెయ్యి నుంచి నడిమి వేలు దాక. ఫొటోల మొకం సగమే పడ్డది గని, చెయ్యి మాత్రం నా కాడ పూరాగ ఉన్నది.

ఏమన్నవు? మూడు, నాలుగు, ఐదు ఎందుకో నీ బుక్కుల ఉన్నదా? ఏదీ, చదువు. మెల్లగ చదువు. మూడు మూళ్లు తొమ్మిది. నాలుగు నాలుగుల పదహారు. ఐదైదుల ఇరవై ఐదు. ఆగు ఆగు, మళ్ల చెప్పు. అంటే, మూడు దిక్కు చదరం తీరుగ బండలు పరిస్తే తొమ్మిది బండలు. నాలుగు దిక్కు పరిస్తే పదహారు. గా రెండు కుప్పలు తీసి ఐదు దిక్కు పరిస్తే... సరిగ్గ నిండుతది. ఒక్క బండ మిగలదు, ఒక్క బండ తక్కువ పడదు. మూల జర తెరుచుకున్నా, జర మూసుకున్నా గా లెక్క కుదరదు.

గింతేనా?

గింతేనా బిడ్డా. ఆమె అడిగింది గిదే. ఇరవై ఏండ్లు ఎండల నిలబడి గిదే అడిగింది. చెప్తే ఒక్కపారి ఇని, ఆఁ అని తలూపేది. బండలు మోసిన మనిషికి బండల లెక్క సమజ్ కాదా.

ఏం లేదు, ఏడుస్తలేను. అద్దాలు మసకైనై. ఇటు రా నువ్వు. మోచెయ్యి గీ ముడి మీద పెట్టు. వేళ్లు సాపు. ఆఁ... ఇంకొక రెండు వేళ్లు తక్కువున్నది. అందుకుంటవ్, ఇంకో ఏడాదికో రెండేండ్లకో. సల్లగుండు బిడ్డా. మంచిగ చదువుకో. ఎవరు కసిరినా, ఎందుకు అని అడుగుడు మాత్రం బంద్ జెయ్యకు.

ఇగ లే, వాకిట్లకు పోదాం. గూటం కొట్టిన. నాలుగు మూరల కొస నాది, తే. మూడు మూరల కొస నువ్వు పట్టు. అటు జరుగు, ఇంకింత, ఆమె నిలబడే కాడికి. గుంజు. జర గట్టిగ. ఆఁ... గట్లనే పట్టుకో...